అద్దం మీది బంతిపూల దండ

అన్నా,

నువ్వు పోయినాక ఇదే మొదటి ఆయుధపూజ. నీ టాక్సీ ఇప్పుడు మా ఆయన తోలుతుండాడు. యుద్ధం అయిపోయి పెట్రోలు దొరుకుతుండాది కదా, ఇంక ఆయన్ని పట్టేదెవరు?

పొద్దున చక్రాల కింద నిమ్మకాయలు తొక్కించినాడు, సరే. ముందర అద్దానికి అడ్డంగా ఇంత లావు బంతిపూల దండ కట్టి, నన్ను పక్కన కూర్చోబెట్టుకొని అట్లే చిక్కపేటకు తోలినాడు. దండ తీయమంటే, "దేవుడి పూలు సాయంత్రం దాకా తీయకూడదు" అంటాడు! మలుపులో హారన్ కొట్టలేదు, చెయ్యి చూపలేదు. జట్కా గుర్రం మూతి అద్దానికి తగిలేంత దగ్గరికొచ్చినాక బ్రేకు తొక్కినాడు. పైగా, "చూసినావా, దేవుడే కాపాడినాడు" అన్నాడు.

నువ్వైతే హారతి కాగానే దండ విప్పి, అద్దం తుడిచి, బ్రేకు తొక్కి చూసుకున్నాకే బండి కదిలించేవాడివి. "దేవుడు చూస్తాడు గానీ, తోలేది మనమే కదమ్మా" అనేవాడివి.

నేను అక్కడే దిగి దండ పీకేసినాను. ఇంటికి తెచ్చి నీ పటానికి వేసినాను. నీ కళ్ళకు అడ్డం రాకుండా కొంచెం కిందికి జరిపినాను.