తుడిచిన రెక్క

ధర్మవరం, శుక్రవారం రాత్రి

నేను నడిపే విమానానికి ప్రొపెల్లర్ వెనకవైపు ఉంటుంది. ఇంజను పొగంతా దాని మీదుగానే పోతుంది కాబట్టి, దిగేసరికి ప్రొపెల్లర్ ఐదు రెక్కలూ మసిబారి ఉండాలి. ఈ సాయంత్రం ఒక్క రెక్క మాత్రం తళతళలాడుతోంది.

"మసి ఉండాదని తుడిచినా సార్," అన్నాడు మెకానిక్ నాగరాజు.

మిగతా నాలుగింటికీ మసి లేదా? చక్రాలు లేపిన రాయి తగిలి నొక్కు పడితే, నాకు చెప్పకుండా ఆకురాయితో రుద్దేశాడేమో. లోపల పగులుంటే ఆ రెక్క గాల్లోనే విరుగుతుంది.

విమానానికి మరమ్మతు చేసినవాడు మర్నాడు నాతోపాటు ఎక్కడం మా దగ్గర ఆనవాయితీ. "రేపు నేను రాను సార్. హిందూపురంలో మా అత్త కూతురి పెండ్లి ఉండాది," అన్నాడు. సరేనన్నాను.

ఇందాక గోడమీది క్యాలెండరు చూశాను. ఆషాఢంలో ఎవరు పెళ్లి పెట్టుకుంటారు?