నలభై ఫోన్ల లెక్క

దేవదుర్గ
3-12-1966

ప్రియమైన సత్యకు,

వేరుశనగ కొనుగోలు ఇంకో రెండు వారాలుంది. మన చిట్టి ప్రసవానికి ముందే రాయచూరు వచ్చేస్తాను. మన ఇంట్లోనూ, డాక్టరమ్మ ఇంట్లోనూ ఫోనుంది కదా, భయం దేనికి? బజారులో అందరినీ పోరి ఫోన్లు పెట్టించానని నన్ను పిచ్చివాడన్నావు. రెండు ఫోన్లుంటే ఒక్క జంటే మాట్లాడుకోగలదు. ఐదుంటే పది జంటలు. ఇప్పుడు మనవాళ్లవి నలభై, అంటే ఏడువందల ఎనభై జంటలు! కొత్తగా ఒకరు చేరినా మనందరి ఫోన్లకూ విలువ పెరుగుతుంది.

నీ జయరామయ్య


రాయచూరు
7-12-1966

ఏమండీ,

మీ లెక్క పక్కింటి యంకవ్వకు చదివి వినిపించాను. "ఏందమ్మా, మీ ఆయన గిన్ని పెండ్లిండ్లు జేస్తడా?" అని ఒకటే నవ్వు. చిట్టికి కాళ్లు వాచాయి. టాంగా ఒకటి వాకిట్లో ఉంచమంటారా?

మీ సత్య


దేవదుర్గ
13-12-1966, మంగళవారం

ప్రియమైన సత్యకు,

టాంగా దండగ. ఈ ఉదయం ఏడింటికి పోస్టాఫీసు నుంచి ట్రంకు కాల్ చేసి డాక్టరమ్మతోనే మాట్లాడాను. గబ్బూరు వెళ్లే తొందరలో ఉన్నా పాపం విసుక్కోలేదు. మూడు నిమిషాలని మొదలుపెట్టి రెండుసార్లు పొడిగించుకున్నాను. ఫోను పెట్టించింది నేనే కదా అని గుర్తుచేసి, చిట్టిని మరీమరీ అప్పగించాను. ఇక నిశ్చింతగా ఉండు.

నీ జయరామయ్య


రాయచూరు
13-12-1966, సాయంత్రం

ఏమండీ,

చిట్టి బతికింది. బిడ్డ దక్కలేదు. మగపిల్లవాడు. ఫోనులో చెప్పడానికి నోరు రాలేదు.

పొద్దున ఏడింటికి ఒక్కసారిగా నొప్పులొచ్చాయి. డాక్టరమ్మకు ఫోను చేస్తే, "లైను ఖాళీ లేదమ్మా, జర ఆగుండ్రి" అంది ఎక్స్ఛేంజి అమ్మాయి. ఫోను చెవి దగ్గర పెట్టుకుని అలాగే నిలబడ్డాను. లైను దొరికేసరికి ఆవిడ జీపెక్కి వెళ్లిపోయారట. ఎవడో ఆవిడతో ముచ్చట్లు పెట్టుకున్నాడట. వాడెవడో కనుక్కోండి. వాడిని నా గడప తొక్కనివ్వను.

సత్య


రాయచూరు
15-12-1966

ఏమండీ,

మంగళవారం నాటి మీ ఉత్తరం ఇప్పుడే అందింది. నాది మీకు అందే ఉంటుంది. నేను గడప తొక్కనివ్వనన్నది మిమ్మల్నేనా?

నలభై మందికి ఎన్ని జంటలో లెక్కకట్టారు. అందరికీ కావలసిన డాక్టరమ్మ ఒక్కతే. ఆవిడ ఒకరితో మాట్లాడుతుంటే మిగిలినవాళ్లం ఆగాల్సిందే. ఆ లెక్క మీకు తట్టలేదు, నాకూ తట్టలేదు. ఫోనే లేకపోతే టాంగా కోసం పరుగెత్తేదాన్ని. ఉందని నిలబడ్డాను.

"నాయన ఎప్పుడొస్తడమ్మా?" అని చిట్టి అడుగుతోంది. మీ ఉత్తరం దానికి చూపించలేదు. పొయ్యిలో వేశాను.

రండి. ఫోను మాత్రం చేయకండి.

మీ సత్య