చేను చుట్టూ చీరలు

శనివారం

నడుము పడిపోతోంది, నిద్ర మాత్రం రావడం లేదు. కొండ మీద అడవి కొట్టేసి జామాయిల్ తోటలు వేసిన దగ్గర్నుంచి అడవిపందులు మా మొక్కజొన్న మీద పడుతున్నాయి. పొద్దున మా అబ్బాయి ఏసుబాబు ఇనప తీగ చుట్ట తెచ్చాడు. చేను చుట్టూ లాగి రాత్రిళ్ళు కరెంటు పెడతాడట. చీకటితోనే మిరప కోతకి ఆడవాళ్ళంతా ఆ గట్టు మీదే పోతారు, మా కోడలితో సహా. చీకట్లో తీగ కాలికి తగిలితే ఇంకేముంది.

"తీగొద్దురా నాయనా, చీరలు కడదాం. రంగులు చూస్తే పందులు బెదురుతాయి," అన్నాను.

"నీ చీరలన్నీ వెలిసిపోయినయ్యమ్మా. బెదరవు, జాలిపడతయ్," అన్నాడు.

సాయంత్రం దాకా నేనూ కోడలూ గుంజలకి చీరలు కట్టాం. కాలవ వైపు చాల్లేదు. క్రిస్మస్‌కి కొన్న ఎర్రచీర కూడా తెచ్చి కట్టేశాను. వాడు తీగ పారెయ్యలేదు, మంచం కింద పెట్టాడు.

"ఈ ఒక్క రాత్రి చూస్తానమ్మా," అన్నాడు.

పందుల్ని మా చేలోకి రానివ్వకు ప్రభువా అని ప్రార్థన చేసుకున్నాను. మరి ఎటు పంపమని అడగాలో తెలియక ఆగిపోయాను. కొండ మీద వాటికి ఏం మిగిలిందని...