పికప్ పట్టుకుపోయి జీపు వదిలిన తమ్ముడికి

మోంటానా, మార్చి

కర్టిస్,

వారంలో తెచ్చిస్తానని మా పికప్ ట్రక్కు పట్టుకుపోయావు. "ఇది ఎంత కొండైనా ఎక్కేస్తుందక్కా" అని నీ జీపు మా వాకిట్లో వదిలావు. ఎక్కుతుంది, కాదనను. మరి గడ్డిమోపులు ఎక్కడ పెట్టమంటావు, నా నెత్తిమీదా? జబ్బు దూడను వెనక సీట్లో ఎక్కిస్తే సీటంతా పేడ వేసింది. నేను కడగను.

మంగళవారం మీ బావ కొండమీది పచ్చికబీడులో గుర్రంమీంచి పడి కాలు విరగ్గొట్టుకున్నారు. మంచులో, రాళ్లమీద జీపు మేకలా ఎక్కింది. తీరా వెళ్లాక, కాలు మడవలేని మనిషిని అందులో ఎలా పడుకోబెట్టను? పికప్ ఉంటే వెనక గడ్డి పరిచేదాన్ని. చివరికి సీట్లు మడిచి, వెనక తలుపు తెరిచిపెట్టి, కాళ్లు బయటికి చాపించి తెచ్చాను. దారంతా నిన్నే తిట్టుకున్నాను.

ఆస్పత్రిలో కట్టు కట్టాక మీ బావ అన్న మొదటి మాట విను. "మన పికప్ అయితే సగం దారిలోనే కూరుకుపోయేది. నేనక్కడే గడ్డకట్టి పోయేవాణ్ణి. ఈ జీపు తిరిగిచ్చేది లేదు."

ఆదివారంలోగా నా పికప్ తెచ్చి వాకిట్లో పెట్టు. జీపు సంగతి మీ బావతో నువ్వే తేల్చుకో. తాళం దిండు కింద పెట్టుకుని పడుకున్నారు.

మీ అక్క