పిట్టలకు నోటీసు

ఊలు నగరం,
ఫిబ్రవరి 9.

అపార్ట్‌మెంట్ సంఘం అధ్యక్షులు శ్రీ రౌతియో గారి దివ్య సముఖమునకు,

బాల్కనీలో పిట్టలకు గింజలు పెడితే ఎలుకలు వస్తున్నాయని తమరు నోటీసు ఇచ్చారు. అందినట్టు రసీదు కూడా పంపమన్నారు. వారం క్రితమే గింజల పెట్టె దించేశాను. నోటీసు పిట్టలకు చదివి వినిపించాను కూడా. అవి సంతకం పెట్టలేదు.

ఆ పెట్టె మా ఐలీ మామ్మది. ఏప్రిల్లో హంసలు, జూన్‌లో వానకోవెలలు, అక్టోబరులో ఎర్రపళ్ళకు దిగే కుచ్చు పిట్టలు, కిటికీలోంచి కనబడ్డవన్నీ నోటుబుక్కులో రాసుకునేది. నవంబరులో పోతూ నన్ను పిలిచి, "ఒరేయ్, చలికి ముందు గింజలు పెట్టినవాళ్ళు మంచు కరిగేదాకా మానకూడదురా. నడిచలిలో అవి ఇంకో ఇల్లు ఎక్కడ వెతుక్కుంటాయి?" అంది. సరేనన్నాను.

మెట్ల మీద ఈ సంగతి చెబితే, "పిట్టలకు అడవి లేదుటయ్యా?" అన్నారు తమరు. "అడవి మీకూ ఉందిగా, సూపర్‌మార్కెట్‌కెందుకు వెళ్తున్నారండీ?" అన్నాను. తప్పే. అప్పుడు నేను బతిమాలవలసింది.

నాలుగు రోజులుగా మైనస్ ముప్ఫై. ఆ గింజలకు అలవాటుపడ్డ పసుపుపొట్ట పిట్టలు ఏడు, రోజూ పొద్దున్నే వచ్చి, ఖాళీ కొక్కెం చుట్టూ తిరిగాయి. నిన్న మూడే వచ్చాయి. ఇవాళ ఒక్కటి, కిటికీ గట్టు మీద పడి ఉంది. మామ్మ నోటుబుక్కులో అలాగే రాశాను.

తమరడిగిన రసీదు ఈ ఉత్తరంతో ఉన్న పెద్ద అగ్గిపెట్టెలో ఉంది. బరువేమీ ఉండదు. మెల్లగా తెరవండి.

ఇట్లు,
తమ ఆజ్ఞ పాటించిన
మూడో అంతస్తు వాడు