మంచు అనుకున్నది పొగ

డిసెంబరు, ఆదివారం రాత్రి

ప్రభువా, నీకు స్తోత్రం! ఈ రోజు మా ఆయన క్రిస్మస్ పాట చివరిదాకా పాడారు, ఒక్కసారి కూడా దగ్గలేదు!

ఏటా చలికాలంలో తెల్లవారుజామున చర్చి ముందు పాటల సాధన చేస్తుంటే ఆయనకు ఆయాసం వచ్చేది. మంచు వల్లే అనుకుని మఫ్లర్ కట్టేదాన్ని. మొన్న ఆ మంచు వాసన చూస్తే కాలిన గడ్డి వాసన! కోసిన మళ్ళలో రాత్రి గడ్డికి పెట్టిన మంటల పొగ పైకి లేవకుండా చాపలా పరుచుకుని ఉంది. చల్లటి గాలి పొగను నేల మీదే పట్టి ఉంచుతుందని టీవీలో చెప్పింది అప్పుడర్థమైంది.

సాధన ఎండెక్కి పొగ లేచిపోయాక పెట్టమని అందరి ముందూ పాస్టరు గారిని అడిగేశాను. మరిది వెటకారం చేశాడు.

"ఏటి వదినా, ఏసు ఎండెక్కినాక పుట్నాడేటి?"

"ఆ పశువుల పాకలోనూ గడ్డి ఉన్నాది బాబూ. దాన్నెవులూ కాల్సలేదు."

పాస్టరు గారే ముందు నవ్వారు. సాధన వేళ మారింది.

కానీ ఈ మధ్య చలికాలంలో గాలి కదలడమే తగ్గింది. కొన్నాళ్ళు మధ్యాహ్నానికీ పొగ విడవడం లేదు. పండుగ రోజూ అలాగే ఉంటే...

ఇన్నేళ్ళూ చలి తగ్గించమని ప్రార్థించాను. ఈ రాత్రి గాలిని పంపమని అడుగుతాను.