పెంకులకు కట్టిన లేసుదారం

రాజమండ్రి,
14 నవంబరు 2002

ప్రియమైన పెద్దమ్మకు,

నిన్న ఉదయం పదకొండు గంటలకు పాటిదిబ్బ ప్రదర్శనశాలలో, నువ్వు కుండపెంకులకు కట్టిన లేసుదారాలన్నీ కోసేశారు. పదకొండు వందల నలభై పెంకులు. తవ్వకాల్లో ఏది ఏ మట్టిపొరలో దొరికిందో చెప్పే ఆధారం ఇప్పుడు లేదు.

నేను వెళ్ళేసరికి స్టోర్‌కీపరు గణేష్‌బాబు దారాలు చీపురుతో పోగుచేస్తున్నాడు. "ప్రారంభోత్సవానికి శుభ్రం చేయమన్నారండి. ఎవరో కూలామె కట్టుంటదిలెండి," అన్నాడు. 1956 తవ్వకాల మస్టరులో నీ పేరు మట్టి మోసే కూలీల్లోనే ఉంది. గోతి గోడ మీద మట్టిపొరలు విడదీసి గీసింది నువ్వు. పైపొర పెంకుకు ఒక ముడి, ఆరో పొర పెంకుకు ఆరు ముళ్ళు వేసింది నువ్వు. కాగితం చీటీలు చెదలు తింటాయన్నావు, తిన్నాయి. పొరల రిజిస్టరు తవ్వకాల ఆఫీసరుగారి బదిలీతో వెళ్ళి మళ్ళీ రాలేదు. నివేదిక ఆయన పేరుతో వచ్చింది.

గణేష్‌బాబు ఇంకో మాట కూడా అన్నాడు. "మీరు మళ్ళీ ఫోన్ చేస్తారని నెల్రోజులు చూశానండి." నిజమే. ఈ దారాలేంటని కిందటి నెల నన్నడిగాడు. నాకు చిన్నప్పటినుంచీ తెలుసు. కనుక్కుని చెప్తానన్నాను. అప్పటికే మా పత్రిక ఆదివారం పేజీకి, ఆ తవ్వకాల ఘనతంతా ఆఫీసరుగారిదేనని వ్యాసం ఇచ్చేశాను. చెబితే అది తిరగరాయాలి. సొంత పెద్దమ్మను పైకెత్తుతోందంటారనీ భయపడ్డాను. ఇరవై రెండేళ్ళుగా ఆధారం లేకుండా ఒక్క వార్త రాయలేదు. ఈ ఆధారం పోతుంటే ఊరుకున్నాను.

నీ
వల్లి


నరసాపురం,
19 నవంబరు 2002

చిరంజీవి వల్లికి దీవెనలు.

నాకు చూపు పోయాక ఉత్తరాలన్నీ కోడలు బేబి చేతే రాయిస్తున్నా. నీది రెండుసార్లు చదివించుకున్నా. ఆఫీసరుగారు నాకేమవుతారని నా పేరు రాస్తారు? నువ్వు నా చెల్లెలి కూతురివి. అది గుచ్చుకుంది.

ఇక్కడ లేసు అల్లే ఏ ఆడదీ నమూనా ముక్క ఉంచుకోకుండా సరుకు ఇవ్వదు. పెంకులు పెట్టెలకెత్తినప్పుడు నేనూ ఆ ముళ్ళకు నమూనా అల్లి ఉంచుకున్నా. మా రేడియో మీద కప్పిన లేసుగుడ్డ అదే. పెంకు మీద సిరాతో నంబరు ఉంటుందిగా, ఆ వరసలోనే పెంకుకో గడి అల్లాను. గడిలో ఎన్ని ముళ్ళుంటే అన్నో పొర. తొంభై ఆరు తుపానుకి ఇంట్లోకి నీళ్ళొచ్చి చివరి మూడొందల గడులు కుళ్ళిపోయాయి. అవి పోయినట్టే. మిగతావి వేళ్ళతో చదవగలను. నేను తప్ప చదివేవాళ్ళు లేరు.

"వాళ్ళకెందుకండీ అత్తయ్యా, రేడియో మీదే ఉండనివ్వండి," అంటోంది బేబి, రాస్తూనే.

కడుపులో గడ్డకి వచ్చే మంగళవారం ఆసుపత్రిలో చేర్చుకుంటారు. ఆపరేషను తర్వాత సంగతి చెప్పలేనన్నాడు డాక్టరు. అందుకని సోమవారం మొదటి బస్సుకి పాటిదిబ్బ వస్తున్నా. పదింటికి స్టోరు దగ్గర ఉండు. నేను నంబరు, ముళ్ళు చెప్తా, నువ్వు రాయి. ప్రతి పేజీ కింద నా పేరు వెయ్యి. మొదటి పేజీలో మాత్రం నువ్వెందుకు ఊరుకున్నావో రాసి, నీ సంతకం పెట్టు. ఎనిమిది వందల నలభై గడులు. తిరుగు బస్సు అయిదింటికి.

మీ పెద్దమ్మ
సంపూర్ణమ్మ